మబ్బు చూసినందుకు

కళ్యాణదుర్గం సినిమా హాల్లో, చేయని దొంగతనానికి హీరోను పోలీసులు ఈడ్చుకుపోతుంటే వన్నూరప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బెళుగుప్ప పక్కన శనక్కాయ పండించుకునే మనిషి. వానలు మొహం చాటేసిన ఏడాది బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. అక్కడ ఒకరింట్లో బంగారు గొలుసు కనిపించలేదు. ఆ మధ్యాహ్నమే వన్నూరప్ప మిద్దె మీదికి ఎక్కడం కెమెరాలో పడింది. ఎందుకెక్కావని అందరూ చుట్టుముట్టారు.

"మబ్బు పట్టింటే మా ఊరి దిక్కు పోతాందేమోనని చూసినా సార్" అన్నాడు.

ఘొల్లున నవ్వారు. కరువు ఊళ్ల వాళ్లను పనిలో పెట్టుకుంటే ఇంతేనంటూ ఒకాయన పోలీసులకు ఫోన్ చేయబోయాడు. అప్పుడు మూడో అంతస్తు నాగరత్నమ్మ అడ్డం వచ్చింది. ఆమెది పావగడ, అదీ వాన కోసం మొహం వాచిన నేలే.

"మా నాయన సచ్చేదాకా అట్లే మిద్దెక్కి చూసేవాడు. ఈయప్ప మీద చెయ్యేస్తే ఊరుకోను" అంది.

మర్నాడు గొలుసు ఆ ఇంటి సోఫా సందులోనే దొరికింది.

"ఏం నాయనా, ఏడుస్తాండావా?" పక్కసీట్లో కూతురు అశ్విని అడిగింది.

"గొలుసు దొరికినాక అందరూ నన్ను నమ్మినారు పాపా. ఆయమ్మ అది దొరక్కముందే నమ్మింది. పాపం, ఈ పిల్లోనికి అట్లాంటి మనిషి ఒక్కరూ లేరే!"

సినిమా వదిలాక బయటికొచ్చి, అలవాటుగా తలెత్తాడు. ఆకాశంలో ఉన్న ఒక్క మబ్బూ పావగడ వైపు జరిగిపోతోంది.

"పోనీలే, ఆయమ్మ ఊరికే కదా" అన్నాడు.