చలికి ఒడ్డుకొచ్చిన తాబేలు

కరోనా తర్వాతి సంవత్సరం నేను పాఠాలు చెప్పే స్కూల్లో సెక్షన్లు తగ్గించారు. తీసేసిన టీచర్లలో నేనూ ఉన్నాను. షార్జాలో మాది చిన్న ఫ్లాటు. మావారు పొద్దున్నే దుబాయ్‌లోని ఆఫీసుకి బయల్దేరి వెళ్లాక, వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని. సర్దిన అలమరనే మళ్లీ సర్దేదాన్ని. కుక్కర్ కూత వేసేలోపు బాల్కనీలోకి వెళ్లి వచ్చేదాన్ని. ఎవరైనా ఫోన్ చేస్తే నడుస్తూనే మాట్లాడేదాన్ని.

"కాసేపు ఒకచోట కూర్చోవే బాబూ! నిన్ను చూస్తుంటే నాకే ఆయాసం వస్తోంది," అనేవారు మావారు, సాయంత్రం ఇంటికొచ్చాక.

కూర్చుంటే కాళ్లు లాగేవి. నిజంగానే.

ఆ చలికాలం బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక మెసేజ్ పెట్టారు. అజ్మాన్ దాటాక ఒక తీరాన్నీ, దాని వెనకున్న మడ నేలనీ కనిపెట్టుకుని ఉండే చిన్న సంఘం ఒకటుందట. ఎండలు ముదిరేదాకా ప్రతి శనివారం పొద్దున పని ఉంటుందట. ఒడ్డున చెత్త ఏరడం, బురదలో మడ మొక్కలు నాటడం, ఇసుకలో గుడ్లు పెట్టే పక్షుల చోట్ల చుట్టూ తాడు కట్టడం. కాకినాడలో పెరిగినదాన్ని, మడ అడవి నాకు కొత్త కాదు. మరుసటి శనివారమే వెళ్లాను.

సంఘాన్ని నడిపేది అరవైకి దగ్గరపడ్డ ఒక ఎమిరాతీ ఆవిడ. అబాయా అంచు పైకి దోపుకుని, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకుని, "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ అందరికంటే ముందు నడిచేది. మాతో హిందీలోనే మాట్లాడేది. సంచులూ మొక్కలూ మోసే పికప్ నడిపేది జగిత్యాల వైపు అబ్బాయి. నేను తెలుగుదాన్నని తెలిసిన క్షణం నుంచీ మేడమ్ పోయి అక్కనయ్యాను.

అక్కడ కూడా నిదానంగా ఉండలేకపోయేదాన్ని. అందరూ కబుర్లు చెప్పుకుంటూ ఏరుతుంటే, నేను సంచి ఈడ్చుకుంటూ చాలా దూరం వెళ్లిపోయేదాన్ని. జనవరిలో చల్లటి షమాల్ గాలి మూడు రోజులు ఆగకుండా వీచి తగ్గిన మర్నాడు, అలా దూరంగా వెళ్లినప్పుడే నాచు కుప్పలో ఒక రాయి కనిపించింది. అన్నం పళ్లెమంత ఉంది. మీదంతా తెల్లటి గుల్లలు గరుగ్గా అతుక్కుని ఉన్నాయి. దాని కింద వల ముక్క ఇరుక్కుంది. వల లాగుదామని రాయిని ఎత్తితే, దాని పక్కనుంచి తెడ్డులాంటి రెక్క ఒకటి మెల్లగా కదిలింది.

తాబేలు! గద్దలా వంపు తిరిగిన ముక్కు. కళ్లు సగం మూసి ఉన్నాయి. పాపం నీళ్లకి దూరమైంది కాబోలనుకుని, రెండు చేతుల్తో పట్టుకుని అలల్లోకి పరిగెత్తాను.

"పానీ మే నహీ! మత్ డాలో!"

ఆవిడ అరుచుకుంటూ వచ్చి నా చేతుల్లోంచి తాబేలును అందుకుంది. నీళ్లు చల్లబడితే చిన్న తాబేళ్లు నీరసపడిపోతాయట. ఈదలేక తేలుతూ ఉంటే ఈ గుల్లలు అతుక్కుని ఇంకా బరువెక్కుతాయట. ఇప్పుడు సముద్రంలో వదిలితే తల పైకెత్తే బలం లేక మునిగి చచ్చిపోతుందని చెప్పింది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో తువ్వాలు పరిచి, దాన్ని పడుకోబెట్టి నా ఒళ్లో పెట్టింది. పికప్‌లో దుబాయ్‌కి బయల్దేరాం. తాబేళ్లకి వైద్యం చేసేచోటు అక్కడుంది.

దారంతా ట్రాఫిక్. అబ్బాయి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా తల తిప్పి, "అక్కా, బతికే ఉన్నదా?" అనేవాడు.

"ఉంది, రెక్క కదిపింది."

"మా ఊర్ల చెరువు తాబేళ్లు జూసిన గని, గిట్లాంటిది ఎన్నడు జూడలే. జర గట్టిగ వట్టుకో, బ్రేక్ ఏస్తున్న."

వైద్యం చేసేవాళ్లు డబ్బా అందుకుని లోపలికి వెళ్లిపోయారు. అప్పుడు చూశాను, దాని పెంకు వెనక అంచున ఒక ముక్క విరిగి ఉంది. ఆ విరుపు ఒక్కటే కళ్లలో మిగిలిపోయింది.

ఇక రోజూ ఆవిడకి ఫోన్లు. తిందా? గుల్లలు రాలాయా? "అరే బాబా, ఖలాస్! ఖబర్ ఆతే హీ బోలూంగీ," అని ఒకసారి ఫోన్ పెట్టేసింది. కబురొస్తే తనే చెబుతుందట. ఆ కోపం మీద శనివారం వెళ్లి, తొడలదాకా బురదలో దిగి, ఎవరి వంతు మొక్కలో కూడా చూసుకోకుండా నాటేశాను.

మే నెలలో ఆవిడే ఫోన్ చేసింది. కోలుకున్న తాబేళ్లను సముద్రంలో వదులుతున్నారు, నాదీ ఉంది, రమ్మంది. సరిగ్గా అదే పొద్దున ఒక స్కూల్లో నాకు ఇంటర్వ్యూ. వేరే రోజు ఇమ్మని అడిగాను. కుదరదన్నారు.

"తాబేలు కోసం ఇంటర్వ్యూ మానేస్తావా?" అన్నారు మావారు.

"మానేస్తాననలేదండీ. రోజు మార్చమన్నాను, వాళ్లే మార్చలేదు."

"అంటే మానేస్తున్నట్టేగా!"

ఆ ఏడాది నేను చేపట్టినవన్నీ నడిమధ్యలో ఆగిపోయాయి. ఈ ఒక్కదాని సంగతి తేలేదాకా చూడకపోతే నాకు ఊపిరాడదని ఆయనకెలా చెప్పను?

వెళ్లాను. పెంకు అంచు చూసి గుర్తుపట్టాను. గుల్లలన్నీ పోయి, గోధుమరంగు చారలతో మెరుస్తోంది. ఇసుక మీద పెట్టగానే మిగతావన్నీ గబగబా నీళ్లవైపు పాకాయి. నాది నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పక్కకి తిరిగింది. మళ్లీ జనంవైపు రాబోయింది. నా చేతులు ఊరుకోలేదు, ముందుకి వంగాను. ముట్టుకోవద్దు, ఓపిక పట్టమంటూ ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"హాథ్ మత్ లగావ్. సబర్ కరో."

నా జన్మలో అంతసేపు కదలకుండా నిలబడింది అదే. చివరికి ఒక అల కొంచెం పైకి వచ్చి దాన్ని తడిపింది. తల ఎత్తింది. రెండో అల వెనక్కి వెళ్తూ దాన్ని తీసుకుపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఖర్జూరాలూ గహ్వా కాఫీ పంచుతున్నారు. నాకు హాయిగా అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చూస్తున్నాను.

"పోయింది గదక్కా, ఇంకేం జూస్తున్నవ్?" అన్నాడు పికప్ అబ్బాయి.

"ఏమో తమ్ముడూ!"

ఆ ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లిపోయింది. వేసవి సెలవుల తర్వాత అజ్మాన్‌లో ఒక చిన్న స్కూలు నన్ను సగం పూటకి తీసుకుంది. తక్కిన సగం పూట ఇంట్లో అదే తిరుగుడు.

మరుసటి చలికాలం షమాల్ మొదలైన రోజున నేను చెప్పులు వేసుకుంటుంటే, "ఇవాళ శనివారం కాదుగా?" అన్నారు మావారు.

"కాదండీ. గాలి వీస్తోంది కదా, ఒకసారి చూసొస్తాను."

ఆయన నిట్టూర్చి కారు తాళాలు తీసుకున్నారు. తీరం పొడవునా నడిచాం. కళ్లలో ఇసుక కొడుతున్నా ఆయన నల్లగా కనబడిన ప్రతి రాయి దగ్గరా ఆగి, బూటు కొసతో కదిపి చూస్తున్నారు.

"కాలితో కాదండీ, చేత్తో!" అని అరిచాను.

ఆయన వంగి, ఇంకో రాయిని రెండు చేతుల్తో ఎత్తారు. అది ఉత్త రాయే. నేను అప్పటికే ముందుకి నడుస్తున్నాను.