నునుపు వీధికి

బస్సుల్లో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైన ఆవిడను వీధిలో అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. ఉద్యోగం పోయింది గానీ గొంతు పోలేదు. పెరట్లో నిలబడి కూరగాయల బండిని కేకేస్తే వీధి చివర సైకిళ్లు కూడా ఆగేవి. నోరున్నవాళ్లదే రాజ్యం అని ఎదురింటి దర్జీ నవ్వేవాడు. ఆవిడ అతని మీదా ఒక కేక వేసి ఊరుకునేది.

ఆ రాజ్యంలో ఆవిడ కేక చెల్లనిది ఒక్కరి దగ్గరే, నాలుగేళ్ల మనవరాలి దగ్గర. పిల్లకు పుట్టుకతోనే వినపడదు. కాలు ఒకచోట నిలవదు కాబట్టి ఇంట్లో పిచ్చుక అంటారు. కూతురూ అల్లుడూ పొద్దున్నే పనులకు వెళ్లిపోతే సాయంత్రం దాకా పిచ్చుక అమ్మమ్మ కొంగు పట్టుకునే ఉండేది. చేతులతో, కళ్లతో, మూతి విరుపులతో ఇద్దరి కబుర్లూ బాగానే సాగేవి.

ఇంటి పక్కనే లారీలు పోయే రోడ్డు. మధ్యలో ముసలి చెక్క కంచె. ఆ మధ్య ఒక పలక ఊడిపోతే ఆ సందులోంచి పిచ్చుక రోడ్డెక్కింది. అమ్మమ్మ ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. పిల్ల తప్ప వీధి వీధంతా వెనక్కి తిరిగింది. లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం కూతురు తిట్టలేదు, ఏడవనూ లేదు. "అమ్మా, కంచె బాగయ్యేదాకా నేను పనికి వెళ్లను. ఇంకోసారి ఇలా జరిగితే పిల్లని నీ దగ్గర వదల్లేను" అంది. నాలుగు తిట్టినా బాగుండునని కండక్టరమ్మ రాత్రంతా అనుకుంది.

మర్నాడే కంచె మేస్త్రిని పిలిపించింది. ఆ చుట్టుపక్కల ఎవరి కంచె ఒరిగినా అతనే దిక్కు. ఎవరింటికి వెళ్లినా కంచే చేను మేసిన సామెత చెబుతారు, తామే కనిపెట్టినట్టు. అతనూ మొదటిసారి విన్నట్టే నవ్వుతాడు. కండక్టరమ్మా చెప్పింది, అతనూ నవ్వాడు. ఆ తర్వాత మూల గుంజను ఒక్క వేలితో తోశాడు. అది పక్కకు ఒరిగి, ఇక లేవలేదు.

"ఇది రిపేరుకి లొంగదమ్మా. అడుగంతా పుచ్చిపోయింది. కొత్తది వేసుకోవాల్సిందే."

"వెయ్యి. పిల్ల దూరకూడదు, అంతే. వేలు పట్టే సందు కూడా వద్దు."

"చీమైనా మిమ్మల్ని అడిగే దూరుతుంది. మరి కమ్మీలు ఎటు పెట్టమంటారు? మామూలుగా నునుపు వీధికే పెడతాం."

గుంజలకు కమ్మీలనే మూడు అడ్డకర్రలు బిగించి, వాటి మీద పలకలు కొడతారు. పలకల వైపు నున్నగా ఉంటుంది, రెండో వైపు కమ్మీలు కనబడతాయి.

"అదీ ఒక ప్రశ్నేనా నాయనా? కమ్మీలు వీధికి చూపిస్తే నలుగురూ నవ్వరూ? నునుపు వీధికే."

ఇద్దరిలో ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. తరతరాలుగా అందరూ అలాగే కడుతున్నారు, అతనూ అలాగే కట్టాడు. గుంజలు దింపాడు, పలకలు చిత్రిక పట్టి ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకునేలా కొట్టాడు. పని జరిగినన్ని రోజులూ కండక్టరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి మేకునూ టికెట్టులా తనిఖీ చేసింది. పిచ్చుక మాత్రం సందు మూసుకుపోయిన చోట పలకలను అరచేతులతో తడుముతూ తిరిగింది.

పని ముగింపుకొచ్చిందని ఆఖరి రోజు పొద్దున్నే కూతురు మళ్లీ పనికి వెళ్లింది. చివరి మేకు పడ్డాక మేస్త్రి, "ఓసారి వీధిలోంచి చూసుకోండమ్మా" అన్నాడు. పిల్లను వరండాలో బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, గేటు గడియ బయటినుంచి వేసి, కండక్టరమ్మ రోడ్డు వైపుకి వచ్చింది. దర్జీ కూడా మెడలో టేపుతో సహా వచ్చాడు. కంచె నిజంగానే అద్దంలా ఉంది. దర్జీ చేత్తో నిమిరి, "కుట్టు కనబడకుండా కుట్టావయ్యా" అన్నాడు. కండక్టరమ్మకు కడుపు నిండిపోయింది. సాయంత్రం కూతుర్ని ఇక్కడికే తీసుకొచ్చి చూపించాలనుకుంది.

అప్పుడే కంచె పైఅంచు మీద ఎనిమిది చిన్న వేళ్లు కనిపించాయి.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి, మొహం మొత్తం వచ్చింది. పిచ్చుక అంచు మీద బొజ్జ ఆనించి, ఇటువైపుకి వంగి, రోడ్డు వైపు చూస్తోంది. అటునుంచి లారీ వస్తోంది.

కండక్టరమ్మ నోరు తెరిచింది. ఏం లాభం? అరిచినా వినపడదు, ఆ సంగతి ఆవిడకు తెలుసు. అయినా నోరు తెరుచుకునే ఉండిపోయింది. గేటు మలుపు అవతల ఎక్కడో ఉంది. ఇటునుంచి ఎక్కుదామంటే కాలు పెట్టడానికి ఒక్క పట్టు లేదు. వేలు పట్టే సందు కూడా వద్దని తనే కట్టించుకుంది.

పిల్ల ఇంకాస్త వంగి, తలకిందులుగా జారింది. మేస్త్రి సుత్తి వదిలేసి చేతులు చాపాడు. పిల్ల అతని ఛాతీ మీద పడింది, అతను వెల్లకిలా రోడ్డు అంచున పడ్డాడు. లారీ దుమ్ము రేపుకుంటూ పక్కనుంచే పోయింది. దుమ్ము తగ్గాక చూస్తే పిచ్చుక అతని మీద కూర్చుని, పోతున్న లారీకి చెయ్యూపుతోంది.

దర్జీ పిల్లను ఎత్తుకున్నాడు. అమ్మమ్మ పిల్ల తలా చేతులూ తడిమి చూసింది.

"ఎలా ఎక్కింది?" అంది చివరికి. ఆ గొంతు ఆవిడదిలా లేదు.

లోపలికి వెళ్లారు. ఎవరూ అడగకుండానే పిచ్చుక దర్జీ చంక దిగి కంచె దగ్గరకు పరుగెత్తి చూపించింది. కింది కమ్మీ మీద కాలు. నడిమి కమ్మీ మీద కాలు. పై కమ్మీ అందుకోబోతుంటే మేస్త్రి నడుం పట్టుకుని దించేశాడు.

అతను కమ్మీలను కింది నుంచి పైదాకా ఒక్కొక్కటే చూశాడు. "నిచ్చెన కట్టానమ్మా నేను," అన్నాడు. "ఇన్నేళ్లు కట్టినవన్నీ ఇలాగే కట్టాను. చిన్నపిల్లలున్న ఇళ్లకీ."

కండక్టరమ్మ వరండా మెట్టు మీద కూర్చుంది. నునుపు వీధికే అన్న నోరు తనదే. మేస్త్రి గునపం అందుకుని, మొదటి పలక ఊడదీయడం మొదలుపెట్టాడు.

ఎవరైనా తనకు ఏదైనా ఇస్తే, వాళ్ల అరచెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకోవడం పిచ్చుకకు అలవాటు. వచ్చి అమ్మమ్మ ఒళ్లో కూర్చుంది. కమ్మీల వైపు వేలు చూపించింది, తన కళ్లు చూపించింది, లారీలు పోయే వైపు చూపించింది. సందు మూసేశాక రోడ్డు చూసుకోవడానికి అమ్మమ్మ తనకోసం మెట్లు కట్టించిందనుకుంది ఆ పిల్ల. అమ్మమ్మ అరచెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది.