కాలువ మీద తలుపు

మా వీధిలో మెట్లన్నీ ఒకే ఉదయం పోయాయి.

అంతకు ముందు నుంచీ ఆటోలో మైకు పెట్టి చెబుతూనే ఉన్నారు. కాలువ మీద కట్టుకున్న మెట్లు, అరుగులు, బండి ఎక్కించే ర్యాంపులు ఎవరివి వాళ్లు తీసేసుకోవాలని, లేకపోతే మునిసిపాలిటీ వాళ్లే వచ్చి తీస్తారని. ఎర్ర రంగుతో ఇంటింటి మెట్టు మీదా గీత గీసి వెళ్లారు. మేమెవరమూ పట్టించుకోలేదు. ఎన్నికలకు ముందోసారి, తరువాతోసారి ఇలాంటి గీతలు చూసిన వీధి మాది. ఆ రోజు నేను వంటింట్లో పోపు వేస్తుంటే వీధి మొదట్లో ధన్‌మని చప్పుడైంది. గరిటె పట్టుకునే బయటికి పరిగెత్తాను. జేసీబీ మొదటి ఇంటి మెట్లను పళ్లు పీకినట్టు పీకుతోంది. మధ్యాహ్నానికి మా ఇంటి దగ్గరకొచ్చింది. మా అత్తగారు బతికుండగా దగ్గర నిలబడి ఎర్ర గచ్చు చేయించుకున్న మెట్లు రెండు దెబ్బలకు ముక్కలయ్యాయి.

ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మెట్ల కింద కాలువ ఊపిరాడక చచ్చిపోయి చాలా ఏళ్లయింది. ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి చిప్పలు, పాత చెప్పులు అన్నీ అందులోనే. అక్టోబరులో వాయుగుండం పట్టిందంటే ఆ నీళ్లన్నీ వెనక్కి తన్ని మా ఇళ్లలోకే వచ్చేవి. మేం గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టి మునిసిపాలిటీని తిట్టుకునేవాళ్లం తప్ప, మెట్లు మావేనన్న సంగతి తలుచుకునేవాళ్లం కాదు. కాబట్టి మెట్లు తీయడం తప్పని నేను అనను. తీశాక చేసిందే మాకు బాధ కలిగించింది.

పాత కాలువ స్థానంలో లోతుగా, వెడల్పుగా కొత్తది తవ్వారు. మెయిన్ రోడ్డు వైపు సగం దూరం సిమెంటు గోడలు కట్టి, పైన పలకలు కూడా వేశారు. మా సగానికి వచ్చేసరికి పని ఆగిపోయింది. మిషను ఇంకో పేటకు వెళ్లిపోయింది. మా ఇళ్లకూ రోడ్డుకూ మధ్య గొయ్యి, గొయ్యి పక్కన మట్టి గుట్ట, అందులోంచి పైకి చూస్తున్న ఇనుప చువ్వలు మిగిలాయి.

మనిషన్నవాడు ఎలాగో దాటుకుంటాడు కదా. ఒకరు చెక్క వేసుకున్నారు, ఒకరు ఇనుప నిచ్చెన పడుకోబెట్టి దాని మీద ప్లైవుడ్ ముక్క కట్టారు. మా ఆయన ఎక్కడి నుంచో సెంట్రింగు పలక తెచ్చాడు. దాని మీద నడుస్తుంటే మధ్యలో ఊగేది. నేను స్కూటీని మలుపులో పంక్చరు షాపు దగ్గర వదిలేసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఊపిరి బిగబట్టి దాటి ఇంట్లోకి వెళ్లేదాన్ని. పాలవాడు రోడ్డు మీద నుంచే ప్యాకెట్లు విసిరేవాడు. ఓ రోజు మా అమ్మాయి పట్టుకోలేకపోతే ప్యాకెట్టు గుమ్మానికి తగిలి పగిలింది. కాఫీ లేకుండా ఆఫీసుకెళ్లాను.

నేను కరెంటు ఆఫీసులో పని చేస్తాను. దాంతో మా వీధివాళ్లకు ఒక గట్టి నమ్మకం, ఏ గవర్నమెంటు ఆఫీసులోనైనా నా మాట చెల్లుతుందని. నీళ్లు రాకపోయినా, పందులు తిరిగినా, వీధి దీపం పోయినా ముందు మా ఇంటికే వస్తారు. నాకు అలాంటి పలుకుబడి లేదని ఎన్నిసార్లు చెప్పినా వినరు. గొయ్యి సంగతి కూడా నన్నే కనుక్కోమన్నారు. ఇవాళ, రేపు అంటూ నేను గడుపుతూ వచ్చాను. నన్ను కదిలించింది మా పక్కింటి సిస్టరమ్మ.

సిస్టరమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సుగా పని చేసి రిటైరైన మనిషి. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. భర్త పోయాక ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. వీధిలో పిల్లల నుంచి పెద్దల వరకు అందరూ ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తారు. డాక్టరు రాసిన ఇంజక్షను చేయించుకోవాలన్నా, బీపీ చూపించుకోవాలన్నా, దెబ్బకు కట్టు మార్చుకోవాలన్నా ఆమె మెట్ల మీద కూర్చుంటే చాలు, కళ్లజోడు సవరించుకుంటూ వచ్చేది. మా అమ్మాయి పుట్టిన కొత్తలో పిల్ల ఒళ్లు కొంచెం పచ్చగా కనిపిస్తే, బాలింతను చూడ్డానికొచ్చిన మా చుట్టాలందరూ ఎండలో పెడితే పోతుందన్నారు. సిస్టరమ్మ పిల్ల కళ్లు విప్పి చూసి, "ఎండ తరవాత సూద్దాం తల్లీ, ముందు ఆస్పత్రికి పద" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నాతో రిక్షా ఎక్కింది. పిల్లను లైటు కింద పెట్టి ఇంటికి పంపేదాకా నా పక్కనే ఉంది. నేను శ్రీకాకుళం వైపు, కళింగపట్నం దగ్గర పుట్టి పెరిగి పెళ్లయి ఈ ఊరొచ్చాను. ఇక్కడ నాకు దొరికిన మొదటి పుట్టింటి మనిషి ఆమె.

ఆదివారం వస్తే సిస్టరమ్మ ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకుని చర్చికి వెళ్తుంది. మోకాళ్లు అరిగిపోయాక ఆటో మాట్లాడుకుంది గానీ మానలేదు. మా సగంలో గొయ్యి తవ్వాక వచ్చిన మొదటి ఆదివారం నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆటో వచ్చి హారను కొట్టింది. సిస్టరమ్మ బైబిలున్న సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఇంటి ముందు సన్నటి చెక్క ఒకటి ఉంది. దాని మీద ఒక పాదం పెట్టి చూసింది. వెనక్కి తీసుకుంది. చాలాసేపు అలాగే తలుపు పట్టుకుని నిలబడి, చివరికి ఆటోవాడిని వెళ్లిపొమ్మని చెయ్యి ఊపింది.

నేను పైనుంచే, "సిస్టరమ్మా, మేం పట్టుకుంటాం రండి" అన్నాను.

"వద్దమ్మా, పడితే మళ్లీ లేవలేను. ఈ వారానికి ఇంట్లోనే పాడుకుంటాను" అంది, నవ్వుతూనే.

కాసేపటికి కిటికీలోంచి పాట వినిపించింది. గొంతు సన్నగా, ఆగుతూ వస్తోంది. చర్చిలో పదిమందితో కలిసి పాడే పాట ఒక్కరే పాడితే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు సోమవారం, అర్జీలు తీసుకునే రోజు. ఆఫీసులో పర్మిషను పెట్టి మునిసిపాలిటీకి వెళ్లాను. అక్కడి ఇంజనీరు కుర్రవాడే. మర్యాదగా కూర్చోమన్నాడు. ఫోనులో నేను తీసిన గొయ్యి ఫొటో చూశాడు. "తెలుసు మేడమ్. సెంట్రింగు సామాను అటు పేటలో ఇరుక్కుపోయింది. వచ్చిన వెంటనే మీ వీధే" అన్నాడు. "ముసలావిడ బయటికి రాలేకపోతోందండీ" అన్నాను. తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు తెలుసు. మా ఆఫీసులో మీటరు కంప్లయింటుతో వచ్చేవాళ్లకు మేమూ అలాగే ఊపుతాం.

రెండు రోజుల తరువాత మునిసిపాలిటీ మనిషి ఒకడు వచ్చాడు. గొయ్యి పొడవునా వెదురు గెడలు పాతి, వాటికి ఎర్ర రిబ్బను చుట్టి వెళ్లిపోయాడు.

ఎదురింటి మావ దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "సూసినావా కోడలా, గోతికి బొట్టెట్టి ఎల్లిపోనాడు. ఇంక పెళ్లి సెయ్యడమే" అన్నాడు.

ఈ మావ నెల్లిమర్లలో జూట్ మిల్లు పని చేసి మానేసిన మనిషి. పుట్టింది పాతపట్నం దగ్గర పల్లెలో. వాళ్ల నాన్న ఇల్లు కూల్చి అన్నదమ్ములు పంచుకున్నప్పుడు తన వాటాకు వీధి తలుపు రెక్కొకటి అడిగి తెచ్చుకున్నాడు. గుగ్గిలం చెక్క, ఇనుప బొడిపెలు, మనిషి కన్నా ఎత్తు. ఎప్పటికైనా మేడ వేసి దానికి పెట్టుకుంటానని పాలిథీను కప్పి బాత్రూము వెనక నిలబెట్టాడు. అది అక్కడ అడ్డమని ఆయన భార్య రోజూ గొడవే. "అది తలుపు కాదు, నా సవితి" అనేది.

ఆ శనివారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధిలో కేకలు వినిపించాయి. మావ, మా ఆయన, పంక్చరు షాపతను కలిసి ఆ తలుపును మోసుకొస్తున్నారు. మావ ముందు నడుస్తూ అరుస్తున్నాడు.

"ఒరే, బేగి రండ్రా! అటు ఎత్తు, అటు! ఏటలగ సూస్తన్నారు, ఒక సెయ్యి ఎయ్యండి!"

వాళ్లావిడ గుమ్మంలో నిలబడి నోరు నొక్కుకుంది. "ఒలమ్మో, నన్ను కూడా తాకనీని తలుపు గోతిలో పడేస్తావేటి?"

"మేడ కట్టినప్పుడు సూద్దారి. ముందు మనిషి బయటికి రావాలా నేదా?"

సిస్టరమ్మ గుమ్మం ముందు ఆ తలుపును కాలువకు అడ్డంగా దింపారు. రెండు వైపులా మట్టి దట్టించి కదలకుండా ఇటుకలు పెట్టారు. మావ దాని మీదకెక్కి ఎగిరి ఎగిరి దూకాడు. ఊగలేదు. తేమకు కాలు జారుతుందని గోనె సంచులు తెచ్చి పరిచి మేకులు కొట్టాడు. చేత్తో పట్టుకోవడానికి ఏదైనా ఉంటే బాగుండునని నేనన్నాను. మావ అటూ ఇటూ చూసి, మునిసిపాలిటీ వాళ్లు పాతిన వెదురు గెడల్లో రెండు పీకి, తలుపు పక్కన అడ్డంగా కట్టేశాడు. ఎర్ర రిబ్బను కూడా దానికే ఉంచాడు.

మర్నాడు ఉదయం వీధిలో సగం మంది నోట్లో బ్రష్షులు పెట్టుకునే బయటికొచ్చారు. ఎవరినీ ఎవరూ పిలవలేదు. ఆటో వచ్చింది. తెల్ల చీరలో సిస్టరమ్మ గుమ్మంలోకి వచ్చి, తలుపును చూసి, మావను చూసింది.

"ఒరే బాబూ, ఇరగదు కదా?"

"నానెక్కి గెంతినాను సిస్టరమ్మా. మీరు నాలో సగం నేరు. రాండి."

ఆమె గెడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసింది. ఇటువైపు చెయ్యి చాచి నేను నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుని దిగింది. రోడ్డు మీద కాళ్లు పెట్టాక ఆమె వెంటనే ఆటో ఎక్కలేదు. చుట్టూ చూసి ఒక్కొక్కరినీ పలకరించింది. "నీ బీపీ మాత్రలు అయిపోనాయేటి? సాయంత్రం రా, సూస్తాను." "ఆ గుంటపిల్లకి సెవి నొప్పి తగ్గిందా?" ఇన్నాళ్లూ కిటికీలోంచి వీధంతా చూస్తూ ఎవరికేం ఉందో మనసులో పెట్టుకుందన్నమాట. ఆటోవాడు హారను కొట్టాక గానీ కదల్లేదు.

అప్పట్నుంచి ఆ తలుపు వీధి మొత్తానికి దారైంది. సరైన పలక లేనివాళ్లు సిస్టరమ్మ ఇంటి మీదుగా దాటి, ప్రహరీ పక్కగా తమ ఇళ్లకు చేరుకునేవారు. గ్యాస్ సిలిండర్లు దాని మీదుగానే దొర్లాయి. ఇంజక్షన్లూ మళ్లీ మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం ఆ ఇంజనీరు కుర్రవాడే చూడ్డానికి వచ్చాడు. ఆ రోజు నాకు సెలవు, ఇంట్లోనే ఉన్నాను. గెడల సంగతి అడుగుతాడేమోనని భయపడ్డాను. అతను రిబ్బను వైపు ఓసారి చూసి, గొయ్యి వైపు తిరిగాడు. సిస్టరమ్మ గుమ్మంలోంచి పిలిచింది.

"బాబూ, ఎండలో నిలబడ్డావు. లోపలికొచ్చి కూకో, టీ తాగి ఎల్దువు."

అతను తలుపు దాటి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. ఆమె ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఏ ఊరు, అమ్మా నాన్నా ఎలా ఉన్నారు, అని అడిగింది. అతను టీ తాగుతూ ఆ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అక్కడి నుంచి కనిపించేది గొయ్యీ, చువ్వలే. గ్లాసు కింద పెట్టి, "తొందరగా చేయిస్తానమ్మా" అన్నాడు. ఈసారి తల ఊపలేదు.

తరువాతి వారం పని మొదలైంది. టీ వల్లనో, సామాను రావడం వల్లనో నాకు తెలియదు. మావ మాత్రం టీ వల్లే అంటాడు. ఒడిశా సరిహద్దు వైపు నుంచి వచ్చిన కూలీలు పని చేశారు. మేం వంతులేసుకుని వాళ్లకు మజ్జిగ, కూర ఇచ్చాం. వాళ్లలో ఒకామె కాలికి మేకు గుచ్చుకుంటే సిస్టరమ్మ కడిగి కట్టు కట్టి, ఇంజక్షను చేయించుకునేదాకా ఊరుకోలేదు. పలకలు వేశారు, వాటికి నీళ్లు పెట్టారు, ఆరాయి. తలుపు తీసినప్పుడు దాని అడుగంతా సిమెంటు మరకలే. మావ దాన్ని తడిగుడ్డతో తుడుచుకుంటూ తీసుకెళ్లి మళ్లీ బాత్రూము వెనకే నిలబెట్టాడు. ఈసారి వాళ్లావిడే పాలిథీను తెచ్చి కప్పింది.

అక్టోబరు వానలకు నీళ్లు పలకల కింద నుంచి గలగలమంటూ పోయాయి. ఇసుక బస్తాలు తెచ్చి పెట్టుకున్నాం గానీ వాటి అవసరం రాలేదు. గుమ్మంలో కుర్చీలేసుకుని ఆ చప్పుడు విన్నాం.

మా ఊరి మీద నాకున్న ఫిర్యాదులు తక్కువేం కాదు. దుమ్ము, పందులు, స్టాపులో ఆగని బస్సులు, వెలిగి ఆరిపోయే వీధి దీపం. సోమవారం అర్జీలకు ఇంకా వెళ్తూనే ఉంటాను. అయినా ఆఫీసులో ఎవరైనా ఇదీ ఒక ఊరేనా అంటే నేను ఒప్పుకోలేను. పుట్టింటికి దూరంగా వచ్చి ఈ మనుషుల మధ్య కాపురం చేయడం నా అదృష్టం. ఆ మాట వాళ్లతో ఎప్పుడూ అనలేదు, అంటే మావ నవ్వుతాడు.

మొన్న నాకు జ్వరం వచ్చింది. ఆఫీసుకు వెళ్లకుండా పడుకున్నాను. పది గంటల వేళ గుమ్మంలో అలికిడైంది. సిస్టరమ్మ చేతికర్ర పట్టుకుని, థర్మామీటరు డబ్బాతో నిలబడి ఉంది. మెట్లు ఉన్న రోజుల్లో ఆమె మోకాళ్లు మా ఇల్లు ఎక్కనిచ్చేవి కావు, ఎప్పుడూ మేమే ఆమె దగ్గరకు వెళ్లేవాళ్లం. ఇప్పుడు గుమ్మాల ఎత్తుకు వేసిన పలకల మీదుగా సమంగా నడుచుకుంటూ వచ్చేసింది.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

"నీ స్కూటీ కదల్నేదు కదా, ఆపాటి తెలీదేటి? నోరు తెరు" అంది.

జ్వరం చూసి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మా అమ్మాయిని పిలిచి టీ పెట్టమంది. అల్లం కొంచెం ఎక్కువ వెయ్యమంది.