కారవాన్‌లో క్యాంపింగ్

కొబ్బరినూనె సీసా మూత తీస్తే నాకు ఐర్లండ్‌లోని గోర్స్ పొదలు గుర్తొస్తాయి. వాటి పసుపు పూలది అచ్చం అదే వాసన.

నాకప్పుడు ఏడేళ్లు. నాన్న అక్కడ క్లోనీ అనే ఊరి దగ్గర డేటా సెంటర్లో ఇంజనీరు. ఒక చలికాలం, క్యాంపింగ్ అని చెప్పి అమ్మనూ నన్నూ పొలాల మధ్య ఆపి ఉన్న చిన్న కారవాన్‌లోకి, చక్రాల మీది ఒంటిగది ఇంట్లోకి, తీసుకెళ్లాడు. వాన వదల్లేదు. కిటికీ అవతల ముళ్ల గోర్స్, మెట్టు మీద వాలే ఎర్రరొమ్ము రాబిన్ పిట్ట తప్ప చూడడానికేమీ లేదు. మూడో వారం, ఆ పిట్ట ఎగిరిపోతుంటే నాకు ఏడుపొచ్చింది.

“ఐ హేట్ క్యాంపింగ్, డాడీ. ఐ వాంట్ టు గో హోమ్,” అన్నాను.

నాన్న అమ్మ వంక చూశాడు. “సారీరా కన్నా. ఇంకెప్పుడూ క్యాంపింగ్‌కి తీసుకురాను,” అన్నాడు.

అంతకుముందున్న ఇంటి లీజు అయిపోయి, ఎంత తిరిగినా అద్దెకు ఇల్లు దొరక్క మేమక్కడ ఉన్నామని పెద్దయ్యాకే తెలిసింది. ఆ రోజు మాత్రం నాన్నచేత సారీ చెప్పించానని సంతోషపడ్డాను.