గుడ్డిపోటుకు దక్కని గది

రోజారమణికి పని చురుకు, ఓపిక తక్కువ. వల అల్లడం నేర్పితే చివరి ముడి వేయకుండానే లేచిపోయేదని ఆమె నాయన చిన్నపోలయ్య నలుగురిలో చెప్పి నవ్వేవాడు. ఆమె ఇప్పుడు వాకాడులో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతోంది. బుద్ధి మాత్రం మారలేదు.

సముద్రపు ఒడ్డున వాళ్ల పాళెంలో చిన్నపోలయ్య మాటంటే మాటే. తెల్లవారి నీళ్లు చూసి, ఆయన ఆ రోజు సముద్రానికి ఒక పేరు పెట్టాకే పడవలు కదిలేవి. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఈ మనిషితో పాటు ఆ సముద్రపు మాటలూ పోతాయని కూతురికి భయం పట్టుకుంది. పాళెం మాటలతోనే ఫోనులో ఆడుకునే ఆట ఒకటి తయారు చేసింది. ఎవరైనా అక్షరాలు పేర్చి ఒక మాట కడితే, అది తన నిఘంటువులో ఉందో లేదో ఆట చెప్పాలి.

నాయన చెబుతుంటే కాగితం మీద పెట్టకుండా నేరుగా కంప్యూటర్‌లోకే ఎక్కించింది. ఆయన ఇంటి పద్ధతి ప్రకారం ముందు చంపే మాటలు చెప్పాడు: సుడులు, చెడ్డ గాలులు, నమ్మరాని నీళ్లు. అన్నం పెట్టే మాటలు ఆ తర్వాతే. కొడుకు పెంచల్‌కు సముద్రం నేర్పినప్పుడూ అదే వరస. చేపల పేర్లకు వచ్చేసరికి వారం పట్టింది. మొత్తం పదకొండు వందల మాటలు.

వాటిని హాష్ టేబుల్‌లో పెట్టింది. అందులో రెండు వేల గదులు. మాటలోని అక్షరాలను లెక్కగా మారిస్తే ఒక గది నంబరు వస్తుంది. ఆట వరసగా వెతకదు, నేరుగా ఆ గది తలుపే తీస్తుంది. రెండు మాటలకు ఒకే గది పడితే రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టాలి. చెప్పేవి శ్రీరంగనీతులన్నట్టు, పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పే ఆ సంగతిని తన ఆటలో మాత్రం తర్వాత చూద్దామనుకుంది.

పాళెమంతా ఫోనుల్లో ఆట ఎక్కించుకుంది. చిన్నపోలయ్య కట్టిన మాటకు 'ఈ మాట లేదు' అని మొదటిసారి వచ్చినప్పుడు అందరూ నవ్వారు. పదోసారికి ఎవరూ నవ్వలేదు. పెద్దాయనకు మతి జారుతోందన్నారు. మనిషి తప్పొచ్చు గాని మిషను తప్పుతుందా అనే కాలం మరి. రోజారమణి ఆటలో లెక్క చూసింది. పదకొండు వందలు, సరిగానే ఉంది. అయితే నాయనే ఏవో అల్లుతున్నాడనుకుంది. ఆయన మాట్లాడటం తగ్గించాడు.

ఆ గురువారం తెల్లవారి సముద్రం పళ్లెంలో పోసినట్టుంది. నురగ లేదు, చప్పుడు లేదు. కానాగంత చేపలు దండిగా పడుతున్న రోజులు. పెంచల్ పడవ నెడుతుంటే పెద్దాయన కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు.

"పోబాకరా. ఏరు కలిసే మొగ కాడ గుడ్డిపోటు ఉండాది. పైన నిద్రపోతా ఉంటది, అడుగున లాగతా ఉంటది."

పెంచల్ ఫోను తీసి ఆ మాట కట్టాడు. 'ఈ మాట లేదు.' దాన్ని నాయనకు చూపించడానికి మనసొప్పక పక్కనే ఉన్న అక్కకు చూపించాడు.

"ఏం చేయమంటావక్కా?"

"నాయన్ని నేను ఇంటికి తీసకపోతాలే. నువ్వు పో," అంది రోజారమణి.

ఇంటికొచ్చినా ఆమెకు స్థిమితం లేదు. ఆ మాట తన వేళ్లకు తెలిసినట్టుంది. మొదటి రోజు, కాఫీ చల్లారుతుంటే కొట్టిన మాట. గదులన్నీ తెరిపించి, ఉన్న మాటలను ఒక్కొక్కటీ లెక్కపెట్టించింది. ఎనిమిది వందల నలభై ఆరు. ఆట లోపలికి వచ్చినవాటిని లెక్కపెట్టిందే గాని, పోయినవాటిని లెక్కపెట్టలేదు. ఒకే గదికి రెండో మాట రాగానే మొదటిదాన్ని తుడిచేసింది. ముందు చెప్పినవి కాబట్టి చంపే మాటలే ఎక్కువ పోయాయి. గుడ్డిపోటు గది తెరిచింది. అందులో 'కానాగంత' ఉంది.

పెంచల్‌కు ఫోను చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది.

మధ్యాహ్నం రెండయినా పడవ రాలేదు. ఒడ్డున ఇసుకలో కూర్చున్న నాయన పక్కన ఆమె కూలబడింది.

"నీ మతికేం కాలేదు నాయనా. ఆ మాట నువ్వు చెప్పినావు. నేనే పోగొట్టినాను."

ఆయన నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు. సముద్రం ఇంకా పళ్లెంలో పోసినట్టే ఉంది.

"నా మతి పోయుంటేనే బాగుండునమ్మా," అన్నాడు చిన్నపోలయ్య.