మా పెద్దమ్మ నేర్పిన చేతిమాట

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి సూరత్‌లో మరమగ్గాలన్నీ ఆగిపోయిన వేసవిలో, ఆ ఊరి పక్కనే జోల్వాలో ఉన్న మా తెలుగు నేతపనివాళ్ల సంఘం పెళ్లిళ్ల హాలు అన్నం పెట్టే ఇల్లయింది. యాభై ఏళ్లు గడిచాయి, ఇప్పుడు మనవలకు ముద్దలు కలిపి పెట్టే వయసు నాది. అయినా ఆ హాలు తలుచుకుంటే వెన్ను నిటారవుతుంది.

జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి ఒంటరిగా వచ్చి మగ్గాల మీద బతికేవాళ్లు మా బస్తీ నిండా ఉండేవారు. పని ఆగింది, రైళ్లు ఆగాయి, పూటకూళ్ల మెస్సులు మూతపడ్డాయి. హాలు గుమ్మం తొక్కినవాళ్లను ఏ ఊరు, ఎవరి మనిషివి అని అడిగేవాళ్లే లేరు. కాళ్లు కడుక్కో, కూర్చో, తిను, అంతే. రాలేనివాళ్ల గదులకు మా గల్లీ అన్నలు బండ్ల మీద అన్నం తీసుకెళ్లి, ఇంకా అందలేదన్నవాళ్లకు ఇచ్చేవారు. వంట బాధ్యత మా పెద్దమ్మది. మగ్గాల షెడ్డులో ఏళ్ల తరబడి దారం కండెలకు చుట్టిన మనిషి. నేను ఆమె కొంగు వదిలేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె తానే గదులు చూస్తానని అన్నల వెంట బయలుదేరింది. చివరి వరుసలో ఒక ముసలి నేతపనివాడు ఉండేవాడు. అన్నలు వాకిట్లోంచే, మాస్కుల్లోంచే, అన్నం అందిందా తాతా అని అడిగారు. ఆయన తల ఊపాడు. వాళ్లు బండి తిప్పారు. పెద్దమ్మ మాత్రం కదలలేదు. ఆయన చూపు వాళ్ల కళ్ల మీద కాక మాస్కుల మీదే ఉందని ఆమె కనిపెట్టింది.

దూరంగా నిలబడే ఐదు వేళ్లూ కూడదీసి నోటి దగ్గర పెట్టి, అరచెయ్యి తిప్పి చూపించింది. తిన్నావా అని. మగ్గాల మోతలో వాళ్లందరూ అలాగే మాట్లాడుకునేవారట. ఆయన కాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత కడుపు మీద చెయ్యి వేసి, లేదన్నట్టు ఊపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల గిన్నెలో నీళ్లలో నానిన మరమరాలు తప్ప ఏమీ లేవు. నాకు ఏడుపు ఆగలేదు.

"రోజూ అడిగినం పెద్దమ్మా, హా అనే తల ఊపిండు గదా," అన్నాడు ఒక అన్న.

"గీయన మన మూతులు జూసి మాట తెలుసుకునేటోడు. మూతికి గుడ్డ గడితే ఏం దెలుస్తది? మగ్గాల మోతకు చెవులు పోయినయంటే పని పోతదని అందరు దాసుకుంటరు. తల ఊపుడు అలవాటైతది," అంది పెద్దమ్మ.

అప్పటికి అన్నం డబ్బాలు ఖాళీ. ఎండ మాడ్చేస్తోంది. మిగతా గదులు రేపు చూద్దామన్నారు అన్నలు.

"రేపంటే ఇయ్యాల పస్తే గద. ఇంకెందరు గిట్లనే తల ఊపిండ్రో. పొయ్యి మల్ల ముట్టియ్యిండ్రి. మొదటి రూంకాంచి షురూ జేద్దాం."

చేశాం. ఆమె వాకిట్లో నిలబడి మా అందరికీ ఆ చేతిమాట నేర్పింది. చీకటి పడేలోపు ప్రతి గదినీ మళ్లీ అడిగాం. అన్నం అందిందని మేమనుకున్న గదుల్లో పస్తున్నవాళ్లు ఇంకా కనిపించారు. ఎవరి మీదా కోపం రాలేదు కానీ, ఇక ఏ గదినీ చేత్తో అడగకుండా దాటకూడదన్న గట్టి పట్టుదల వచ్చింది.

నాలుగు మెతుకులు తిని తేరుకున్నాక ఆ తాత హాలుకు వచ్చి గరిట వైపు వేలు చూపించాడు. తననూ పనిలో పెట్టుకోమని. పెద్దమ్మ ఆయనకు గరిట ఇవ్వలేదు, గుమ్మం ఇచ్చింది. సిగ్గుపడి దూరంగా ఆగిపోయిన మగ్గం మనుషులు, ఆయన చెయ్యి ఊపి రమ్మంటే లోపలికి వచ్చేవారు.

తర్వాత ఎన్నో చోట్ల, ఎన్నో కష్టాల్లో మనుషులకు వడ్డించాను. బాగున్నావా అంటే చాలామంది తల ఊపేస్తారు. నేను మాత్రం అక్కడే నిలబడి, తిన్నావా అని చేత్తో మళ్లీ అడిగి, వాళ్ల చేతుల వైపు చూస్తాను.