గొంగడి కప్పుకున్న కాసోవరీ

నేను బస్సు కండక్టర్ని. ఆత్మకూరు నుంచి పొద్దున్నే మొదటి బస్సు ఎక్కితే, మళ్లీ ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. మా అత్త పోయాక పిల్లను చూసుకునేవాళ్లు లేక, మా ఆయన గొర్లమందను వాళ్లన్నకు అప్పజెప్పి ఇంటిపట్టున ఉండిపోయాడు. వంట, జడలు, బడి అన్నీ ఆయనే. జడ ఎంత బిగించి వేస్తాడంటే, పిల్ల కనుబొమలు సాయంత్రం దాకా కిందికి దిగవు.

అయితే గడపలో ఎవరి అలికిడి అయినా చాలు, చీపురు తలుపు వెనక్కి, దువ్వెన జేబులోకి పోయేవి. "ఏం రో, బువ్వ వండినవా?" అని వాడకట్టు మగవాళ్లు పరాచికాలాడితే లోలోపల చితికిపోయేవాడు. బడి గేటు దాకా పోయేవాడే తప్ప లోపల అడుగు పెట్టేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది. పని చేసేటప్పుడు లేని సిగ్గు, ఎవరైనా చూస్తే ఎందుకు?

ఇంతలో బడి వార్షికోత్సవం వచ్చింది. రెండో తరగతి చదువుతున్న మా పిల్ల పక్షి వేషం వేస్తానంది. నెమలి అనుకున్నాను. కాదట, కాసోవరీ!

"గదేం కోడే?" అన్నాను.

"కోడి కాదమ్మా. వానలు బాగ పడే అడివిల ఉంటది. నాయినంత ఎత్తుంటది. ఎగరదు."

ఫోన్‌లో వీడియో చూపించింది. అబ్బో, ఏం పక్షి! ఉన్నవి ఈకలే గానీ, చూస్తే నల్లగొర్రె ఉన్ని వేలాడుతున్నట్టే ఉంది. నీలం మెడ, దాని కింద వేలాడే రెండు ఎర్రటి తోలు తునకలు, నెత్తిన కొమ్ములాంటి టోపీ, కాలివేలికి బాకులాంటి గోరు. రాలిన పండును నమలకుండా గుటుక్కున మింగి, మా చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌లా అటూ ఇటూ చూస్తూ నడిచిపోయింది. దగ్గరికి పోతే ఎగిరి తంతుందట. నాకు తెగ నచ్చింది.

"గిన్ని నల్ల ఈకలు యాడ తేవాలె?" అని నేను తల పట్టుకుంటే, మా ఆయన పెట్టెలోంచి వాళ్ల నాయిన నల్ల ఉన్ని గొంగడి తీశాడు.

"కత్తెర పెడితే మాత్రం ఊకోను," అన్నాడు.

వానకు కప్పుకున్నట్టు పిల్ల నెత్తిన మడిచేసరికి, దాని మొన అచ్చం ఆ పక్షి టోపీలా నిలబడింది. మెడకు నా నీలం రవికె గుడ్డ చుట్టాం. ఎర్ర తునకల కోసమని నేను రెండు ఎండుమిరపకాయలు కట్టాను. పిల్ల ఒకటే తుమ్ములు!

"నీకు మతి ఉన్నదా?" అని ఆయన వాటిని పీకేసి, తన ఎర్ర రుమాలు అంచు చింపి కట్టాడు. గోటికి పొట్టేలు కొమ్ము మొన సరిపోయింది.

వార్షికోత్సవం రోజుకు డ్యూటీ మార్చుకున్నాను. "ఇయ్యాల నువ్వు లోపటికి రాకుంటే నేను గూడ రాను," అని మా ఆయనకు తెగేసి చెప్పాను. వచ్చాడు. వచ్చి, అందరికంటే వెనక గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

పిల్ల స్టేజీ మీద మెడ సాచింది, రేగుపండు మింగినట్టు చేసింది, ముందు వరసలో కూర్చున్న సర్పంచ్ మీదికి కాలు విసిరింది. ఈలలే ఈలలు. టీచరు మైకు ఇచ్చి, "గీ పక్షి ముచ్చట చెప్పు బిడ్డా," అంది.

"గీ పక్షిల అమ్మ గుడ్లు పెట్టి పోతది. నాయిననే పొదుగుతడు. పిల్లలను ఎంబడి తిప్పుకుంటడు. ఎవలన్న దగ్గరికొస్తే తంతడు. మా ఇంట్ల గూడ గంతే. అమ్మ బస్సుకు పోతది."

జనమంతా గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. గుడ్లు పెట్టి పోతానా? నవమాసాలు మోసిందెవరే! కోపం, నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఇక ఈయన గేటు దాటి పోయే ఉంటాడని భయపడుతూ వెనక్కి తిరిగాను. గోడ దగ్గర లేడు.

స్టేజీ ఎక్కుతున్నాడు! పిల్ల నెత్తి మీది గొంగడి జారి కళ్లకు అడ్డం పడింది మరి. ఆయన గొంగడి తీసి భుజాన వేసుకుని, జేబులోంచి దువ్వెన తీసి, ఊరంతా చూస్తుండగా చెదిరిన జుట్టు దువ్వి, మళ్లీ గొంగడి కప్పి దిగాడు. ఎవరి వైపూ చూడలేదు.

మర్నాడు బస్సులో మా వాడకట్టాయన ఒకడు ఇకిలిస్తూ అడిగాడు: "ఏందక్కా, గుడ్లు పెట్టి వచ్చినవా?"

"పెట్టే వచ్చిన. పొదిగెటోడు ఇంట్ల ఉన్నడు. నువ్వు చిల్లర తియ్యి."